యువతీ కావలెను

నగరిలో తులసీరాం షెడ్డుకి దారి అడగాల్సిన పని లేదు. బస్టాండు వెనక వీధుల్లోకి వచ్చి చెవి ఒగ్గి నిలబడితే చాలు, మరమగ్గాల మోతే చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. పొద్దున మొదలైన ఆ టకటకలు దీపాలు పెట్టాక కూడా ఆగవు. ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. పెళ్ళిచూపులకు పుత్తూరు పోయినా, పరామర్శకు పాకాల పోయినా పక్క వీధికి వినబడేలాగే మాట్లాడతారు.

తులసీరాం అరవైకి దగ్గరపడిన మనిషి. తండ్రి పెట్టిన చిన్న షెడ్డును పన్నెండు మగ్గాలకు పెంచినవాడు. పంచెలు, తువ్వాళ్ళు నేయించి తిరుపతి వ్యాపారులకు వేస్తాడు. అయితే ఆ పన్నెండింటిలో నాలుగు మగ్గాలు రెండేళ్ళుగా గోనెపట్టలు కప్పుకుని నిద్రపోతున్నాయి. నూలు ఉంది, కరెంటు ఉంది, అడిగేవాళ్ళూ ఉన్నారు. నడిపే మనిషే లేడు.

ఉన్నవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు ఢిల్లీబాబు. షెడ్డులో అతన్ని ఇప్పటికీ "కుర్రోడా" అనే పిలుస్తారు. ఆ కుర్రోడికి పోయిన ఏడాది మనవడు పుట్టాడు. మురుగేష్‌కు మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక మగ్గం దగ్గరనుంచి ఇంకో మగ్గం దగ్గరకు పోవడమంటే అతనికి ఊరి ప్రయాణమంత పని. నూలు కండెలు చుట్టే చౌడమ్మ తులసీరాంను నిక్కరులో చూసిన మనిషి. అతను యజమాని అన్న సంగతిని ఆమె ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు.

ఒకరోజు తిరుపతినుంచి జయచంద్ర అనే బట్టల వ్యాపారి సరుకు చూసుకోవడానికి వచ్చాడు. పంచె అంచు వేలితో తడిమి, తృప్తిగా తలూపి, తరువాత తలెత్తి షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. మురుగేష్ అప్పుడే తెగిన పోగు ముడివెయ్యడానికి వంగి, మళ్ళీ లేవడానికి మగ్గాన్ని పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఏమప్పా తులసీరాం, ఇది మగ్గాల షెడ్డా, ముసలోళ్ళ ఆశ్రమమా?" అన్నాడు జయచంద్ర.

తులసీరాం నవ్వబోయాడు.

"నవ్వులాటకి అనడంలే. నాకు ఇప్పటికి రెండింతలు సరుకు కావాల. నీ నేత మీద నాకు నమ్మకముండాది. ఆ పడుకున్న మగ్గాలు లేస్తేనే ఇస్తా. పడుసోళ్ళని పెట్టప్పా. ఇంగ కొన్నేండ్లు పోతే నీ షెడ్డులో మగ్గాలుంటాయి గానీ సేతులుండవు."

పడుచువాళ్ళు ఊళ్ళో లేక కాదు. తెల్లారకముందే మెయిన్ రోడ్డు మీద మెడలో కార్డులు వేలాడదీసుకుని వరసగా నిలబడి ఉంటారు. తడ దగ్గర ఫోన్ల కంపెనీ బస్సు వస్తుంది, అందరినీ ఎక్కించుకుని పోతుంది. ఢిల్లీబాబు చిన్నకూతురు ఉదయలక్ష్మి కూడా ఆ బస్సులోనే పోతుంది. మగ్గం పని రానివాళ్ళు పోతే పోయారు. మగ్గాల మధ్య పాకి, మగ్గాల మధ్య నడక నేర్చిన పిల్లలు కూడా అటే పోతున్నారు. అక్కడ ఏముందో, తన దగ్గర ఏం లేదో తులసీరాంకు అంతుపట్టలేదు.

అంతుపట్టనివి చెప్పడానికి బంధువుల్లో ఒక చదువుకున్న మనిషి ఉంది. అక్క కూతురు పూజిత. తిరుపతిలో ఒక కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే ఆఫీసరు. ఫోను చేయగానే ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద దిగింది. షెడ్డు మధ్యలో నిలబడి, మోతకు చెవులు మూసుకుని, అరిచి చెప్పింది.

"మామా! ముందు వైబ్ ఉండాల!"

"వైరా? వైరింగు పోయినేడే మార్పించినా గదమ్మా!"

"వైరు కాదు మామా, వైబ్! లోపలికి అడుగు పెట్టంగానే అబ్బా, ఈడే ఉండిపోదాం అనిపించాల!"

తులసీరాం చుట్టూ చూశాడు. నూలు దుమ్ము పట్టిన గోడలు, సాలెగూళ్ళు వేలాడే ఫ్యాన్లు, మూలన విరిగిన స్టూలు. ఈడే ఉండిపోదాం అని మురుగేష్‌కు తప్ప ఇంకెవరికీ అనిపించేలా లేదు. అతనికి కూడా లేవలేక.

బయటికి వచ్చాక పూజిత నిదానంగా చెప్పింది. ఈ కాలపు పిల్లలకు జీతం ఒక్కటే సరిపోదు. గోడల మీద రంగులుండాలి. కూర్చోవడానికి మెత్తటివి ఉండాలి, ఆడుకోవడానికి ఆటలుండాలి. వైఫై, కాఫీ యంత్రం, పుట్టినరోజుకు కేకు. మనం మనం ఒక కుటుంబం అనిపించాలి.

"మీ కంపెనీలో ఇయ్యన్నీ ఉండాయా?" అన్నాడు తులసీరాం.

"అన్నీ ఉండాయి మామా."

"పిల్లోళ్ళు నిలబడినారా?"

పూజిత స్కూటీ తాళం వెతుక్కుంటూ, "అది వేరే విషయం మామా" అంది.

తులసీరాం ఏ పనైనా మొదలుపెడితే సగంలో వదిలే రకం కాదు. ముందు గోడ పెట్టుకున్నాడు. రోడ్డువైపు గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో ప్రకటన రాయించాలని మునిశేఖర్‌ను పిలిపించాడు. బడి గోడల మీద బొమ్మలు, ఎన్నికలప్పుడు గుర్తులు వేసే మునిశేఖర్‌కు ఊళ్ళో మంచి పేరుంది. రాయాల్సింది చిన్న ముక్కే: "యువతీ యువకులు పనికి కావలెను. తులసీరాం." కింద ఫోను నంబరు. అయితే పడుచువాళ్ళను ఆకట్టుకోవాలి కాబట్టి రెండు రంగులుండాలన్నాడు తులసీరాం. కొన్ని మాటలు ఎరుపు, కొన్ని మాటలు నీలం.

మునిశేఖర్ పనిలో పద్ధతి ఉన్నవాడు. ఒక రంగు డబ్బా తెరిస్తే ఆ రంగు అక్షరాలన్నీ పూర్తి చేసి మూత పెట్టి, ఆ తరువాతే రెండో డబ్బా తెరుస్తాడు. ఆ సాయంత్రానికి ఎర్ర అక్షరాలన్నీ అయిపోయాయి. మిగతావి పొద్దున వచ్చి వేస్తానని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అతని బావమరిది ఫోను చేసి, పిల్లోడి తలనీలాల మొక్కు గుర్తుచేశాడు. తెల్లారేసరికి మునిశేఖర్ పెళ్ళాం బిడ్డలతో అలిపిరి దగ్గర మెట్లెక్కుతున్నాడు. ఫోను ఇంట్లో మరిచిపోయాడు.

పొద్దున ఊరంతా చదివిన ప్రకటన ఇది:

"యువతీ... కావలెను. తులసీరాం."

కింద ఫోను నంబరు, తళతళలాడే ఎరుపులో.

మొదటి ఫోను టిఫిను తినేటప్పుడు వచ్చింది. కార్వేటినగరం నుంచి పెళ్ళిళ్ళ పేరయ్య. "అయ్యా, వయసెంత?" అన్నాడు. తులసీరాం పనివాళ్ళ వయసు అడుగుతున్నాడనుకుని, "ఇరవై పైన, ముప్పై లోపల ఉంటే బాగుంటాది" అన్నాడు. "ఆ పిల్ల వయసు కాదయ్యా, మీ వయసు!" అన్నాడు పేరయ్య. తులసీరాంకు అర్థమయ్యేసరికి ఎదురుగా భార్య శకుంతలమ్మ చట్నీ గిన్నెతో నిలబడి ఉంది. ఫోను స్పీకరులో ఉంది. ఆ వీధివాళ్ళు ఫోను స్పీకరులో పెట్టుకునే మాట్లాడతారు మరి, చెవులు అట్లాంటివి.

"అది కాదు శకుంతలా..."

శకుంతలమ్మ చట్నీ వెయ్యకుండానే గిన్నె లోపలికి తీసుకుపోయింది.

షెడ్డుకు పోయి గోడ చూసేదాకా సంగతి అంతుబట్టలేదు. అప్పటికే ఢిల్లీబాబు గోడ ముందు నిలబడి ఫోటో తీస్తున్నాడు.

"ఏందన్నా, వదినకి తెలుసునా?"

"ఒరే కుర్రోడా, గమ్మున ఉండు. నీలం డబ్బా యాడుందో సూడు."

నీలం డబ్బాను మునిశేఖర్ ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోయాడు. చివరకు తులసీరామే గోడకు ఒక పాత పంచె కట్టాడు. అది గాలికి ఎగిరి సరిగ్గా "తులసీరాం" అన్న మాటను కప్పుతూ, విప్పుతూ ఇంకా వేడుక చేసింది. మునిశేఖర్ గుండుతో తిరిగొచ్చి లడ్డు చేతిలో పెట్టేదాకా ఫోన్లు ఆగలేదు. ఒక ముసలాయన మాత్రం, "నీకు దొరికినాక మిగిలినోళ్ళ నంబర్లు ఏమన్నా ఉంటే నాకియ్యప్పా" అని గౌరవంగా అడిగాడు. ఆ రోజుల్లో ఇంట్లో తులసీరాంకు వడ్డన జరిగింది గానీ మాట జరగలేదు. మునిశేఖర్ నీలం అక్షరాలు నింపాక శకుంతలమ్మను స్వయంగా తీసుకొచ్చి గోడ చూపించాడు. ఆమె మొత్తం చదివి, "ముందే నీలం రాయించి ఉండొచ్చు గదా" అని మాత్రం అంది. ఆ సాయంత్రం చట్నీ పడింది.

లోపల సంగతులు కూడా జోరుగా సాగాయి. గోడలకు పసుపురంగు వేయించి, మగ్గాలకు ఎదురుగా "మన షెడ్డు, మన కుటుంబం" అని రాయించాడు. ఒక మూల గచ్చు చేయించి క్యారమ్ బోర్డు పెట్టించాడు. దాని పక్కన కాఫీ యంత్రం. తిరుపతినుంచి పూజిత ఒక బీన్ బ్యాగు తెచ్చింది, నారింజ రంగుది, గున్న ఏనుగంత ఉంది.

"ఇది కుర్సీనా, మూటనా?" అంటూ మురుగేష్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళకు మంచిదని చెబితే నమ్మి కూర్చున్నాడు. కూర్చున్నవాడు దిగబడిపోయాడు. బయటికి మోకాళ్ళు, మీసాలు మాత్రమే కనిపిస్తున్నాయి. "మొదలాళీ! మొదలాళీ!" అని యజమానిని కేకేస్తే మగ్గాల మోతలో ఎవరికీ వినబడలేదు. చౌడమ్మ కండెల బుట్టతో అటు పోతూ చూసి, మనుషుల్ని పిలిస్తే, రెండు మగ్గాలు ఆపి ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. మురుగేష్ బయటపడ్డాక ఆ మూటకు దూరంనుంచే దణ్ణం పెట్టాడు.

క్యారమ్ బోర్డు కథ వేరు. దాన్ని ఢిల్లీబాబు కళ్ళకద్దుకున్నాడు. మొదట భోజనాల వేళ ఆడాడు. తరువాత భోజనం వేళ ఆడి, ఆట వేళ భోంచేశాడు. అతను ఎర్రకాయ మీద కన్నేసి ఉండగా మగ్గం మీద పడుగు పోగు తెగింది. తెగినా మగ్గానికి తెలియదు కదా, నేసుకుంటూ పోయింది. ఒక పంచె పొడవునా జాలీలాంటి సన్నటి ఖాళీ గీత వచ్చింది. తులసీరాం ఆ పంచె పట్టుకుని నిప్పులు కక్కుతూ మూలకు వచ్చాడు. సరిగ్గా అప్పుడు ఢిల్లీబాబు ఎర్రకాయను గుంత అంచున నిలబెట్టి గురి చూస్తున్నాడు.

"అట్ల గాదురా, పక్క గోడకి కొట్టి తేవాల" అన్నాడు తులసీరాం.

ఆ తరువాత ఇద్దరూ చీకటిపడేదాకా ఆడారు.

పుట్టినరోజు పండగ కూడా ఒకటి జరిగింది. పూజిత అందరి ఆధార్ కార్డులు చూసింది. చౌడమ్మ, మురుగేష్, ఢిల్లీబాబు, చివరకు తులసీరాం, అందరూ జనవరి ఒకటో తేదీనే పుట్టారు. కార్డు తీసేటప్పుడు తెలియదంటే ఆఫీసులో అదే వేశారు. "ఒగే కాన్పా ఏంది మనమంతా?" అంది చౌడమ్మ. జనవరి దాకా ఆగలేక ఆ రోజే ఒక కేకు కోసేశారు. కేకు అందరూ తిన్నారు, కాఫీ అందరూ తాగారు. ఒక్క చౌడమ్మ మాత్రం ఎంత బతిమాలినా కాఫీ ముట్టలేదు. యంత్రం కాఫీ ఆమెకు నచ్చలేదనుకున్నాడు తులసీరాం.

ఇంతా చేస్తే వచ్చిన పడుచువాడు ఒక్కడే. జుట్టుకు రాగిరంగు వేసుకుని వచ్చి, గోడ ముందు ఒక వీడియో తీసుకుని, బీన్ బ్యాగులో పడుకుని, వైఫై పాస్‌వర్డు అడిగి, ఫోనులో ఏదో పెద్ద సినిమా దింపుకున్నాడు. మగ్గం చూద్దాం రారా అంటే, "ఇప్పుడే వస్తానన్నా" అని బయటికి పోయాడు. మళ్ళీ రాలేదు.

ముసలివాళ్ళు మాత్రం ఇంత సుఖంగా ఎప్పుడూ లేరు. సరుకు ఉన్నదానికన్నా తగ్గింది. జయచంద్ర ఫోను చేసినప్పుడల్లా తులసీరాం "వస్తాండారు, వస్తాండారు" అంటున్నాడు. ఎవరు వస్తున్నారో అతనికే తెలియదు.

అట్లా ఉండగా ఒక ఆదివారం ఢిల్లీబాబు కూతురు ఉదయలక్ష్మి షెడ్డు గుమ్మంలో నిలబడింది. వెంట స్నేహితురాలు సుజన. ఇద్దరూ కంపెనీ బస్సులో పక్కపక్క సీట్లవాళ్ళు.

"పెద్దనాయనా, గోడ మీద రాసింది పనికే గదా?" అంది ఉదయలక్ష్మి, నవ్వు ఆపుకుంటూ.

"అమ్మా, పనికే! నీలం అక్షరాలు గూడా సదువుకో!"

"సదివినాంలే. మా బస్సులో అందురూ సదివినారు. ఎర్రయి ఉన్నప్పుడే."

తులసీరాం సిగ్గు దిగమింగుకుని అడిగాడు. "నీకు కంపెనీలో ఏమి కష్టమమ్మా? ఆడ ఏసీ, క్యాంటీను, అన్నీ ఉండాయంటారే."

"ఆడంతా బాగుంది పెద్దనాయనా. బస్సుతోనే సచ్చిపోతాండాం. సీకట్లో ఎక్కేది, సీకట్లో దిగేది. మా ఇంటికి సున్నం ఏసినారంట, ఏ రంగేసినారో వారం దాకా నాకు తెలీదు. ఈడ పని ఉంటే నడిసొస్తా. మగ్గం నాకు వచ్చు, సుజనకి నేర్పిస్తా. అయితే ముందు సూస్తాం."

ఈ మాటలు విన్న ఢిల్లీబాబు క్యారమ్ దగ్గరనుంచి లేచి వచ్చాడు.

"ఏందిమే, కంపెనీ మానేస్తావా? కంపెనీ అంటే నాలుగు సంబంధాలు వస్తాయి. మగ్గమంటే ఎవుడొస్తాడు?"

"నాయనా, నువ్వు మగ్గం నేస్తాంటేనే గదా మాయమ్మ నిన్ను సేసుకునింది?"

ఢిల్లీబాబు స్ట్రైకరు చేతిలో తిప్పుకుంటూ మళ్ళీ క్యారమ్ దగ్గరకు పోయాడు.

తులసీరాం ఉత్సాహంగా ఇద్దరినీ లోపల తిప్పాడు. గోడలు చూపించాడు. బీన్ బ్యాగును స్వయంగా గుద్ది ఎంత మెత్తగా ఉందో చూపించాడు. కాఫీ యంత్రంలో ఏ మీట నొక్కితే ఏది వస్తుందో చెప్పాడు. అమ్మాయిలు మర్యాదగా తలూపుతున్నారు గానీ వాళ్ళ కళ్ళు వేరేదో వెతుకుతున్నాయి. వెనక తలుపు తెరిచి చూశారు. పక్క సందులోకి తొంగి చూశారు. చివరకు సుజన ఉదయలక్ష్మి మోచేయి గిల్లింది.

"పెద్దనాయనా, బాత్రూము యాడుంది?" అంది ఉదయలక్ష్మి.

తులసీరాం చెయ్యి యథాలాపంగా వెనక కంపచెట్లవైపు లేచింది. సగంలో ఆగిపోయింది. లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాడు.

"అది... మగోళ్ళు ఎనకపక్క..."

"ఆడోళ్ళు?"

ఆడవాళ్ళంటే షెడ్డులో ఒక్కరే. తులసీరాం కండెల మూలకు తిరిగాడు.

"చౌడక్కా, నువ్వు యాడికి పోతావు?"

చౌడమ్మ కండె చుట్టడం ఆపలేదు. "ఇంటికి పోవాల. అయిదారు ఈదులు దాటి. నేను పోతే నీ కండెలు ఆగుతాయి గదా. అందుకే పొద్దున్నించీ నీళ్ళు తాగను. తాగితే గదా పోయేది."

"ఇన్నేండ్లూ?"

"ఇన్నేండ్లూ."

"కాఫీ గూడా అందుకేనా?"

"నాకు కాఫీ అంటే పానం తమ్ముడూ. ఆ మిషను వాసనకే నోరూరతాంది. ఏంజేసేది?"

"నాకెందుకు సెప్పలేదక్కా?"

"నువ్వెప్పుడడిగినావు?" అంది చౌడమ్మ. కోపంగా అనలేదు. తెగిన పోగును ముడివేస్తున్నంత మామూలుగా అంది.

తులసీరాం స్టూలు మీద కూలబడ్డాడు. ఈ షెడ్డులో ఏ మగ్గానికి ఎప్పుడు నూనె కావాలో అతనికి చప్పుడును బట్టే తెలుస్తుంది. తనను ఎత్తుకుని తిప్పిన మనిషి దాహంతో కూర్చుని పనిచేస్తోందని మాత్రం తెలియలేదు. రంగులు గోడలకు వేశాడు, కేకు కోశాడు, ఆవిడకు కాఫీ కప్పు పట్టుకుని బతిమాలాడు కూడా. ఇద్దరు ఆడపిల్లల ముందు తల ఎత్తలేకపోయాడు.

"ఇంగేమి కావాలమ్మా, సెప్పండి" అన్నాడు.

ఉదయలక్ష్మి కాస్త జంకింది, తరువాత చెప్పేసింది. "సాయంత్రం ఇన్నింటికి ఆపుతామంటే ఆపాల. ఇంగొక్క గజం, ఇంగొక్క గజం అనొద్దు. మా నాయన మాకు పండగ పూట కనబడే మనిషి అయిపోయినాడు, ఆ ఒక్క గజంతోనే. మళ్ళా, సెవుల్లో పెట్టుకునేటియి ఇయ్యాల, మోతకి. 'ఏయ్ పిల్లా' అనకుండా పేరు పెట్టి పిలవాల."

"కుటుంబం అని రాయించినా గదమ్మా, సూసినారా?"

"కుటుంబం మాకు ఇంట్లో ఉండాది పెద్దనాయనా. దాంతోనే ఏగలేకుండా ఉండాం. ఈడ పనుంటే సాలు."

సుజన అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు మెల్లగా, "ఆ బీన్ బ్యాగు ఉంటే ఉండనీ అన్నా" అంది.

ఆ రాత్రి అన్నం తింటూ తులసీరాం శకుంతలమ్మకు జరిగిందంతా చెప్పాడు. ఆమె విని, "నేను షెడ్డుకి వచ్చినప్పుడు పది నిమిషాల్లో ఇంటికి తిరుక్కుంటా గదా, ఎందుకనుకున్నావు?" అంది.

"మోత పడదేమో అనుకున్న్యా."

"పుట్టినకాడ్నించీ ఈ మోతలోనే ఉండాను" అని ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది.

మరునాడే మేస్త్రీ వచ్చాడు. షెడ్డంతా కొలిచి, నీళ్ళు పోయే వాటం ఉన్న చోటు ఒక్కటేనన్నాడు. అది సరిగ్గా క్యారమ్ బోర్డు ఉన్న మూల. ఢిల్లీబాబు బోర్డు ముందు రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, క్యారమ్ తీసేసి కక్కూసు కడతావా? మేం యువత కాకపోతే మనుషులం కామా?"

"నీ కూతురికోసమేరా!"

"కూతురు ఇప్పుడొచ్చింది. క్యారమ్ ముందొచ్చింది."

పంచాయితీ చౌడమ్మ చేసింది. కండెల బుట్ట తెచ్చి బోర్డు మీద దబ్బున పెట్టింది. ఎర్రకాయ, నల్లకాయలన్నీ ఎగిరి చెల్లాచెదరయ్యాయి. "ఇంగ ఆడుకో" అంది. ఢిల్లీబాబు కాయలన్నీ ఏరుకుని బోర్డు చంకన పెట్టుకుని వరండాలోకి పోయాడు. పని ఆగాక వరండాలో ఆడుకోవచ్చని ఒప్పందం కుదిరింది.

గది లేచింది. తెల్లటి పలకలు, నీళ్ళ ట్యాంకు, లోపల గట్టి గొళ్ళెం. ఇంత మంచి పని చేశాక తులసీరాం ఊరుకోగలడా? పూజితను పిలిచాడు. గడపకు పసుపు, మామిడాకులు, కొబ్బరికాయ, కర్పూరం. తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. మైకు కూడా చెప్పబోతే ఉదయలక్ష్మి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"పెద్దనాయనా, గొళ్ళెం ఉండాది, సాలు. మైకు వద్దు. రేపు మేం దాంట్లోకి పోవాల్నా, వద్దా?"

మైకు మానుకున్నాడు గానీ మిగతావి మానలేదు. షెడ్డులో పెద్ద మనిషి కాబట్టి రిబ్బను చౌడమ్మ చేత కత్తిరింపించాలని అందరూ తీర్మానించారు. ఆమె కత్తిరించింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, అక్కడే నిలబడ్డారు. మురుగేష్, ఢిల్లీబాబు, మేస్త్రీ, మునిశేఖర్, పక్క షెడ్డువాళ్ళు, వీధిలో పోయేవాళ్ళు, అందరూ తలుపువైపే చూస్తున్నారు. పూజిత ఫోను ఎత్తి పట్టుకుంది.

"పో అక్కా, పో" అన్నాడు తులసీరాం ఆప్యాయంగా.

చౌడమ్మ అందరి ముఖాలూ ఒకసారి చూసింది. "ఏందిరా, తేరు పోతాందా ఈడ? మీరంతా పోతేనే నేను పోయేది!"

మగవాళ్ళందరినీ రోడ్డు మీదికి తరిమేశారు. యజమాని కూడా రోడ్డు మీదే నిలబడ్డాడు, కొబ్బరిచిప్ప చేతిలో పెట్టుకుని. లోపల గొళ్ళెం పడిన చప్పుడు రోడ్డు దాకా వినబడింది. కాసేపటికి బయటికి వచ్చిన చౌడమ్మ నేరుగా కాఫీ యంత్రం దగ్గరకు పోయింది. ఒక కప్పు తాగింది, ఇంకో కప్పు పట్టుకుంది. "శక్కెర జాస్తి" అని మూడో కప్పు కూడా తాగింది.

ఉదయలక్ష్మి, సుజన నెల తిరిగేసరికి కంపెనీ మానేసి షెడ్డుకి వచ్చారు. వాళ్ళను చూసి బస్సులో వెనక సీటు అమ్మాయి ఇంకొకతె వచ్చింది. గోనెపట్టలు కప్పుకున్న మగ్గాల్లో మూడు లేచాయి. ఒకటి ఇంకా పడుకునే ఉంది. అందరూ చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుని పనిచేస్తున్నారు. మురుగేష్ మాత్రం వాటిని జేబులో పెట్టుకుంటాడు, ఖరీదైన వస్తువు పాడవుతుందని. "ఏయ్ పిల్లా" అనబోయి తులసీరాం రోజుకు నాలుగైదుసార్లు నాలుక కరుచుకుంటున్నాడు. ఒకసారి కంగారులో ఇంట్లో శకుంతలమ్మను కూడా "ఉదయలక్ష్మీ" అని పిలిచాడు. గోడమీది ఎర్ర అక్షరాల సంగతి అప్పటికి పాతబడింది కాబట్టి బతికిపోయాడు.

కష్టమంతా సాయంత్రం ఆపడంలోనే వచ్చింది. అన్నాళ్ళూ ఎవరి మగ్గం వాళ్ళు, ఎవరికి ఓపిక అయిపోతే వాళ్ళు ఆపుకునేవాళ్ళు. కరెంటు పోతే తప్ప షెడ్డంతా ఒక్కసారిగా ఆగడం అక్కడ ఎరుగరు. కొత్త పద్ధతి పెట్టిన మొదటిరోజు సరిగ్గా జయచంద్ర వచ్చి కూర్చున్నాడు. అతని పంచె ఒకటి మగ్గం మీద చివరి అంచు దాకా వచ్చింది. ఇంకొక్క గజం.

"కానీలే అప్పా, ఆ ఒక్కటీ తీసుకునే పోతా" అన్నాడు జయచంద్ర.

తులసీరాం గడియారం చూశాడు. ఉదయలక్ష్మి కూడా గడియారం చూసింది గానీ ఏమీ అనలేదు. మిగిలిన ఆ గజం మీదే తులసీరాం చూపు అతుక్కుపోయింది. అరచేతులు దురద పెట్టాయి. ఆఖరికి లేచి, విసవిసా పోయి, కళ్ళు గట్టిగా మూసుకుని మెయిన్ స్విచ్చి దించేశాడు.

షెడ్డంతా ఒక్క క్షణంలో నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక గొంతు లేచింది. గొంతు అనడం కూడా దాన్ని గౌరవించడమే. తుప్పు పట్టిన గేటు తెరుస్తున్నట్టు, మధ్యమధ్యలో మేక అరిచినట్టు, తిరుత్తణి మురుగన్ మీద అరవంలో ఒక భక్తి పాట. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మురుగేష్ ఆఖరి మగ్గం దగ్గర కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, గుండెల నిండా పాడుతున్నాడు. మగ్గం ఆగిందని పాట మైకంలో అతనికి ఇంకా తెలియలేదు.

సుజన నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. జయచంద్ర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చివరికి మురుగేష్ కళ్ళు తెరిచి, అందరూ తనవైపే చూడటం చూసి ఆపేశాడు.

"మురుగేషన్నా, ఎన్నాళ్ళనించి పాడతాండావు?" అన్నాడు తులసీరాం ఆశ్చర్యంగా.

"ఈడ సేరినకాడ్నించీ మొదలాళీ. పొద్దున ఎత్తుకుంటే సాయంత్రం దాకా పాడతానే ఉంటా."

"కరెంటు పోయినప్పుడు గూడా మాకు వినబడలేదే?"

"లైట్లు మినుక్కుమంటాయి గదా, ఆపేస్తా. ఇయ్యాల నువ్వు సెప్పకుండా ఆపినావు." మురుగేష్ సిగ్గుపడుతూ, మీసం సర్దుకుని, అందరి ముఖాలూ చూశాడు. "ఎట్లుండాది?"

తులసీరాం అంచులు సరిచేసుకుంటున్నట్టు పంచెవైపు వంగాడు. ఢిల్లీబాబు వరండావైపు జారుకున్నాడు.

చౌడమ్మ కండెల బుట్ట ఎత్తి నడుముకు ఆనించుకుని, గుమ్మంవైపు నడుస్తూ అంది.

"తమ్ముడూ, రేప్పొద్దున మురుగేషు రాకముందే స్విచ్చి ఎయ్యి."